ఇంటికి ఫోన్ చేయని అత్త

రెడ్డియార్‌పాళయంలో మా ఎదురింటి అత్త గత మంగళవారం కన్నుమూసింది. రక్తసంబంధం లేదు, వరసకు అత్త. విశ్వవిద్యాలయంలో విద్యార్థుల కౌన్సెలింగ్ కేంద్రంలో పనిచేసి రిటైరైన మనిషి.

ఆ కేంద్రంలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. మగపిల్లవాడు మనసు బాగాలేదని వెళితే కూర్చోబెట్టి మాట్లాడి పంపేవారు. ఆడపిల్ల వెళితే ముందు ఇంటికి ఫోన్ చేసేవారు. అదంతా పిల్ల క్షేమం కోసమేనట! ఆ క్షేమానికి భయపడే చాలామంది ఆ గుమ్మం తొక్కేవాళ్లు కాదు.

అక్కడే చదివే రోజుల్లో, రెండో సంవత్సరంలో నాకు నిద్ర కరువైంది. పరీక్ష అంటే పుస్తకం తెరవబుద్ధయ్యేది కాదు. నాయనకు తెలిస్తే చదివింది చాలంటాడు. పైగా అక్కడ కూర్చునేది రోజూ మా నాయనతో పేపరు పంచుకునే అత్తే. అయినా తట్టుకోలేక వెళ్లాను. బల్ల మీది ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను.

అత్త ఆ ఫోన్‌ను పక్కకు జరిపింది.

"ఏంది పాపా, మగపిల్లోళ్లు వస్తే వాళ్ల నాయనకు చెప్తానా నేను? మీ నాయనకు మాత్రం ఎందుకు చెప్పాల? ముందు ఏడ్చుకో" అంది.

మర్నాడు వాకిట్లో ముగ్గు వేస్తూ, తిన్నావా అని మాత్రం అడిగింది. అక్కడి మాట ఇక్కడ ఎప్పుడూ ఎత్తలేదు. అనుమానం రాకుండా మా అమ్మ ముందు నన్ను పొగరుబోతని ఆటపట్టించేది కూడా.

ఫోన్ చేస్తే ఆడ, మగ ఇద్దరి ఇళ్లకూ చేయండి, లేదంటే ఎవరికీ వద్దని మీటింగుల్లో అడిగి అడిగి పైవాళ్ల దగ్గర మొండిమనిషి అనిపించుకుంది. ఆమె రిటైరయ్యేదాకా పద్ధతి మారలేదు. ఆమె మాత్రం ఒక్క ఇంటికీ ఫోన్ చేయలేదు. నేను చదువు పూర్తిచేసి ఉద్యోగం చేసుకుంటున్నానంటే ఆమె చలవే.

అంత్యక్రియల రోజు మాకెవరికీ తెలియని ఆడవాళ్లు చాలామంది వచ్చారు. అత్త కొడుకు వెళ్లి మీరెవరని అడిగితే, మేడమ్ తెలుసని మాత్రం చెప్పారు. ఒకరినొకరు ఏమీ అడగలేదు.

నాయన నా పక్కకు వచ్చాడు. "ఎవురు పాపా వీళ్లంతా? యాడ నుంచి వచ్చినారు?"

"వాళ్ల సంగతి నాకు తెలీదు నాయనా. చదువుకునేటప్పుడు మనసు బాగలేక నేను అత్త దగ్గరికి పోయినా. నీకు చెప్పలేదు ఆమె."

నాయన నన్నే చూశాడు. చెప్పులు విడిచి వెళ్లి పాడెకు భుజం పట్టాడు.

ఆడవాళ్లమంతా వీధి మలుపు దగ్గర ఆగిపోయాం. నాయన మోకాళ్ల నొప్పి మనిషి, ఎవరో వచ్చి భుజం మార్చుకుంటానన్నా ఇవ్వకుండా నడుస్తున్నాడు.