చింతపండు బదులు

నా చిన్నప్పుడు, నరసాపురంలో మా అమ్మమ్మ ఇంట్లో దొంగ పడ్డాడు. అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మేం గుడికి వెళ్ళి వచ్చేసరికి అమ్మ ట్రంకుపెట్టె ఖాళీగా ఉంది. అమ్మ అల్లిన లేసు దుప్పట్లు పోయాయి. వాటితోపాటు, సగంలో ఆగిపోయిన ఆఖరి అల్లిక కూడా పోయింది. అమ్మ గుచ్చి వదిలిన సూది దానికి అలాగే ఉండేది. దాన్ని అమ్మమ్మ ఎవరినీ తియ్యనివ్వలేదు. దుప్పట్లు పోతే పోనీ, ఆ సగం ముక్క కోసం అమ్మమ్మ అన్నం మానేసింది.

వీధి తలుపు తాళం వేసినట్టే ఉంది. పెరటి తలుపు పక్క గోడలో చిన్న కన్నం ఉండేది. అందులోంచి చెయ్యి పెడితే లోపలి గడియ వస్తుంది. ఆ సంగతి మాకూ పక్కింటివాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు.

పక్కింటి మావయ్య ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళ దగ్గర లేసు కొని పైవాళ్ళకి అమ్మేవాడు. అమ్మ దుప్పట్లు ఇమ్మని రెండుసార్లు అడిగి కాదనిపించుకున్నాడు. దొంగతనం జరిగిన మర్నాడు సాయంత్రం వీధిలో వాళ్ళంతా చేరి పోలీసు స్టేషనుకి వెళ్దామని గొడవ చేస్తుంటే, అమ్మమ్మ మాత్రం గోడకి ఆనుకుని మాట్లాడకుండా కూర్చుంది. అప్పుడు మావయ్య నవ్వుతూ, "పిన్నిగారే ఊరుకుంటే మీకెందుకండీ? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు.

అమ్మమ్మ తలెత్తి అతన్ని ఒక్కసారి చూసింది. ఆ రాత్రి అన్నం తింది.

నాలుగు రోజుల తరవాత పెరట్లో అడవి కంద తవ్వింది. చేతులకి గుడ్డలు చుట్టుకుని తురిమి, ఆ గుజ్జు గోడ కన్నం నిండా పూసింది. ట్రంకుపెట్టె అడుగున పరిచి, పైన పాత పేపరు కప్పింది. తరవాత పక్కింటికి వెళ్ళింది. చుట్టాలింట్లో పులిహోరకని చెప్పి, అత్తయ్య దగ్గరున్న చింతపండంతా బదులు పుచ్చుకుంది. వచ్చేముందు, మావయ్య వినేలా గొంతు పెంచింది. అమ్మాయి గొలుసు పెట్టె అడుగున పేపరు కిందే ఉండిపోయిందని, ఆ దొంగ వెధవ చూసుకోలేదని, రేపు పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లిలో పెళ్ళికి వెళ్తున్నామని చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మ గొలుసేమో అమ్మమ్మ మెడలో పైట కిందే ఉంది.

మర్నాడు నిజంగానే పంటు ఎక్కాం. పెళ్ళిలో అమ్మమ్మ అందరికన్నా హుషారుగా ఉంది. పొద్దుగూకకముందే తిరిగొచ్చాం. ఇంటి తాళం తీస్తుండగానే అత్తయ్య పరుగున వచ్చింది.

"అత్తయ్యగారండీ, ఆ బదులు చింతపండు కాస్త ఉంటే ఇచ్చెయ్యండి. ఈయనకి చేతులు మండిపోతున్నాయండి. ఎందుకో చెప్పరు!"

పాపం, ఆవిడకి ఏమీ తెలియదు. కంద దురదకి చింతపండు పులుసే మందని మాత్రం గోదావరి జిల్లాల్లో తెలియని ఇల్లాలు లేదు. అమ్మమ్మ వీధిలో ఆడవాళ్ళని కేకేసింది. చింతపండు ఉండ, గిన్నె, చెంబుడు నీళ్ళు పట్టుకుని పక్కింటి అరుగు మీద కూర్చుంది. మావయ్య మోచేతుల దాకా ఎర్రగా వాచి, గోనెసంచికి చేతులు రుద్దుకుంటున్నాడు. అమ్మమ్మ అతని ఎదురుగా చింతపండు నానేసి తీరిగ్గా పిసకడం మొదలుపెట్టింది.

"కందకి దురద లేదన్నావుగా నాయనా. ఏదీ, నా కూతురి అల్లిక?"

దుప్పట్లు అమ్మేశాడట. సూది ఉన్న సగం ముక్కని ఎవరు కొంటారు? అటక మీద పారేశాడు. అత్తయ్య ఏడుస్తూ ఎక్కి తెచ్చింది. అమ్మమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని దుమ్ము దులిపింది. సూది చూసుకుంది. మావయ్య గిన్నె కోసం రెండు చేతులూ చాచాడు. అమ్మమ్మ గిన్నె తీసుకుని లేచి ఇంటికి వచ్చేసింది. ఆ పులుసుతో చారు కాచింది. చారు తిరగమాత వాసన పక్కింటికి వెళ్ళాలని కిటికీలన్నీ తెరిచింది. నేను రెండుసార్లు పోయించుకున్నాను. అంత రుచైన చారు మళ్ళీ తినలేదు.

ఆ వీధిలో ఆడవాళ్ళు తరవాత అతనికి ఒక్క మూర లేసు ఇవ్వలేదు. చేతుల వాపు పూర్తిగా తగ్గిన రోజున, అమ్మమ్మ ఎంత పుచ్చుకుందో అంత చింతపండూ తూచి అత్తయ్యకి బదులు తీర్చేసింది.

ఇప్పుడు మా అబ్బాయి గుమ్మానికి కెమెరా పెట్టాడు. ఫోనులో చూసుకోమంటాడు. పెట్టుకోనీ. పెరటి తలుపు పక్కన నా కంద మొక్క నాకుంది, బీరువాలో సూదితో సహా అమ్మ అల్లిక ఉంది. క్షమించడం పెద్ద గుణమని ఈ వయసులో నాకు చాలామంది చెప్తుంటారు. ఆ రోజు ఆ చారు తిన్నవాళ్ళెవరూ ఆ మాట చెప్పరు.