మగ్గాలు ఆపిన సాయంత్రం

నగరిలో మా ఇంట్లో రెండు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. అవి ఆడుతుంటే పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. మా పాప ఆ హోరులోనే మాటలు నేర్చింది, పాటలు నేర్చింది. ఏడేళ్లకే ఒకసారి విన్న పాటను ఒక్క స్వరం పోకుండా పాడేది. దాన్ని ఎప్పుడెప్పుడు సంగీతంలో చేర్పిద్దామా అని నాకు ఒకటే ఆరాటం!

తిరుపతిలో సంగీతం చెప్పే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్లాను. పాపకు పట్టుపావడా, తలనిండా కనకాంబరాలు. ఆవిడ "పాడు తల్లీ" అనడమే ఆలస్యం, మా పాప ఎత్తుకుంది. అబ్బా, ఏం గొంతు! వీధిలో పోయేవాళ్లు ఆగి కిటికీలోంచి తొంగి చూశారు. నేను మురిసిపోతున్నాను. ఆవిడేమో రెండు చెవులూ మూసుకుంది.

"ఏందమ్మా, బిడ్డ ఇట్లా అరస్తా ఉండాది?"

"గట్టిగా పాడితేనే కదమ్మా వినబడేది!" అన్నాను. తర్వాత నాలుక కరుచుకుని మగ్గాల సంగతి చెప్పాను.

"శ్రుతి బాగుండాది. మెల్లగా పాడేది మాత్రం ఈ బిడ్డకు తెలీదు. ఇట్లే అరిస్తే గొంతు చెడిపోతాది. రోజూ ఒక గంట సద్దు లేకుండా పాడించి, నెల తర్వాత తీసుకురా. అప్పుడూ ఇంతే అయితే నేను చేర్చుకోను."

మా ఆయన జ్వరమొచ్చినా మగ్గం ఆపని మనిషి! ఇంటికి రాగానే కొంగు బిగించి, పోట్లాటకు సిద్ధమై, ఆ హోరులో అంతా అరిచి చెప్పాను. ఆయన తెగిన పోగు అతుకుతూనే కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మరుసటి రోజు పాప బడి నుంచి వచ్చింది. ఆయన లేచి రెండు స్విచ్‌లూ ఆపేశాడు. పక్కింటాయన పరిగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, మోటారు కాలిపోయిందా?"

"లేదన్నా. పాప పాడాల."

పక్కింటాయన మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. కాసేపటికి వాళ్లింటి మగ్గాలూ ఆగిపోయాయి!

పాప బెదిరిపోయింది. "నాయనా, కరెంటు పోయిందా?"

"పోలేదు తల్లీ. నువ్వు మెల్లగా పాడు, నాకు వినబడతాది."

పాడింది. మొదట వణుకుతూ, తర్వాత నిదానంగా. ఎంత సన్నటి గొంతు, ఎంత తీపి! నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. ఏడేళ్లు ఒళ్లో పెట్టుకుని పెంచాను. నా బిడ్డ గొంతు ఇదని నాకే తెలియదు.