కాలేజీ గేటు ముందు గుమ్మడి వడియాలు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మా పేట ఆడవాళ్ళంతా చాపలు చంకన పెట్టుకుని కాలేజీలోకి వెళ్ళేవాళ్ళు. చదువుకోవడానికి కాదు... వడియాలు పెట్టుకోవడానికి!

డెబ్బైల నాటి మాట. బెజవాడలో కాలువ పక్కన మా పేట. ఒక పెంకుటింటి చూరు ఇంకో ఇంటి చూరుకు తగిలేది. మిట్టమధ్యాహ్నం కూడా పెరట్లో చాటంత ఎండ పడేది కాదు. పేట వెనకే యూనివర్సిటీ వాళ్ళ కాలేజీ. అందులో బాస్కెట్‌బాల్ ఆడే సిమెంటు నేల. కుర్రాళ్ళు సెలవులకు ఊళ్ళకు వెళ్ళిపోతే అదంతా మాదే...

ఒక మూల అప్పడాలు, ఒక మూల మిరపకాయలు, నడుమ వడియాలు. కాకులు వాలకుండా పిల్లలం నల్లగొడుగు పట్టుకుని కాపలా. పైన ఎండి లోపల ఇంకా మెత్తగా ఉన్న వడియాన్ని గిల్లుకు తింటే... ఆ రుచి తిన్నవాళ్ళకే తెలుసు.

ఒక ఏడాది కొత్త ప్రిన్సిపాల్ గారు వచ్చారు. వస్తూనే పేట వైపు ముళ్ళకంచె వేయించి, వెనక చిన్న గేటుకు తాళం పెట్టించారు. మాకెవరూ చెప్పలేదు.

తెల్లారి మేం వెళ్ళేసరికి తాళం వెక్కిరిస్తోంది. రాత్రంతా బూడిద గుమ్మడికాయ ముక్కలకు ఉప్పు రాసి, గుడ్డలో మూటకట్టి, పైన రుబ్బురాయి పొత్రం పెట్టి నీళ్ళోడ్చారు. వేకువనే మినప్పప్పు రుబ్బి కలిపారు. గిన్నెల నిండా పిండి... ఆ పూట ఎండ తగలకపోతే పులిసిపోతుంది.

పక్కింటి రత్తమ్మగారికి అది ఇంటి తిండి కాదు, బతుకుతెరువు. భర్త పోయాక అప్పడాలూ వడియాలూ అమ్మి ఇద్దరాడపిల్లల్ని సాకుతోంది. ఆవిడ రాయి తీసుకుని తాళం మీదికి వెళ్ళింది.

వాచ్‌మన్ నాగులు మా పేటవాడే. చేతులు జోడించాడు. "నీకు దణ్ణం పెడతా పిన్నీ... తాళం పగిలితే నా ఉజ్జోగం పోద్ది."

రాయి కిందపడింది. అందరూ గిన్నెలు పట్టుకుని నిలబడిపోయారు.

మా అమ్మ సంగతి చెప్పాలి... పోస్ట్‌మాన్ పిలిస్తే తలుపు చాటు నుంచి చెయ్యి మాత్రమే చాపే మనిషి. అట్లాంటి అమ్మ, గిన్నె నడుమున సర్దుకుని, "వీడి పొట్ట కొట్టడమెందుకు రత్తమ్మా? పెద్ద గేటు ముందుకు పోదాం పదండి. ఆ రోడ్డు మునిసిపాలిటీది" అంది.

ఆ రోడ్డు కాలేజీ గేటు దగ్గర ఆగిపోతుంది. బస్సులు, లారీలు రావు. ఊడ్చి, నీళ్ళు చల్లి, చాపలు పరిచి, వాటి మీద తడి పంచెలు వేసి... ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వడియాలే వడియాలు!

పది గంటలకు ప్రిన్సిపాల్ గారి కారు వచ్చింది. హారన్ మోగింది. ఎవరూ తల ఎత్తలేదు. ఆయన దిగారు.

"ఏంటమ్మా ఇది? బయటివాళ్ళకి కాలేజీ దగ్గర ఏం పని?"

అమ్మ లేచి నిలబడింది. పిండి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"బయటివాళ్ళమా అండీ? ఈ నేలంతా పల్లంగా ఉన్నప్పుడు మెరక చెయ్యడానికి మా అత్తగారూ వాళ్ళూ తట్టలతో మట్టి మోశారండి. అప్పుడెవరూ బయటివాళ్ళనలేదే?"

"అదంతా నాకనవసరం. తియ్యకపోతే పోలీసులకి ఫోన్ చేస్తాను."

"చెయ్యండి. వాళ్ళొచ్చేలోపు ఒక పూట ఎండుతాయి."

రత్తమ్మగారు పకపకా నవ్వేసింది. ఆయన ముఖం ఎర్రబడింది. కారు అక్కడే వదిలేసి, ప్యాంటు అంచులు పైకి పట్టుకుని, వడియాల వరసల మధ్య అడుగులో అడుగేసుకుంటూ లోపలికి వెళ్ళారు. ఒక్క వడియం కూడా తొక్కలేదు... అది మాత్రం చెప్పుకోవాలి.

పోలీసులు రాలేదు. సాయంత్రం నాన్నగారు విని బెంబేలెత్తిపోయారు. "నీకెందుకొచ్చిన గొడవే?" అన్నారు.

"రేపు కూడా ఎండాలండీ" అంది అమ్మ, అన్నం వడ్డిస్తూ.

మర్నాడు చాపలు మలుపు దాకా పాకాయి. మిరపకాయలూ వచ్చాయి, చింతపండూ వచ్చింది. ప్రిన్సిపాల్ గారు కారు కాలువ వంతెన దగ్గరే ఆపి, గొడుగేసుకుని నడిచొచ్చారు.

ఆ మధ్యాహ్నం నాగులు పరుగున వచ్చాడు. "అమ్మగోరూ! సెలవుల్లో చిన్న గేటు తీసుంచమన్నారండీ. కాలేజీ తెరిచేలోపు ఖాళీ చెయ్యాలంట. ఇప్పుడే లోపలికి వచ్చెయ్యమన్నారు."

అమ్మ వడియాల వైపు చూసింది. "ఇవి ఎండాక వస్తామని చెప్పు నాగులూ."

తర్వాత చాలా వేసవులు ఆ గేటు తెరిచే ఉంది. మా వీధికి కుళాయి కావాలని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళినప్పుడు కూడా అమ్మే ముందు నడిచింది. నాన్నగారు వెనకాల గొడుగు పట్టుకుని వెళ్ళారు!

ఇప్పుడక్కడ మనిషెత్తును మించిన గోడ. లోపలికి పోవాలంటే మెడలో కార్డుండాలి. మా పేటలోనూ అపార్ట్‌మెంట్లు లేచాయి. పైకి డాబా మీదికెళ్ళే తలుపుకీ తాళమే... తాళం చెవి అడిగితే "ఏం పనండీ?" అంటారు. మనమూ మారుమాట లేకుండా వెనక్కి వచ్చేస్తున్నాం.

మీ ఊళ్ళోనూ అందరిదీ అనుకున్న జాగా ఏదో ఉండే ఉంటుంది. దాని కోసం ఎవరో ఒకరు ఎదురు నిలబడే ఉంటారు. వాళ్ళ పేరు ఇక్కడ రాయండి... నలుగురికీ తెలియనివ్వండి.

ముందు నేను రాస్తాను. మా అమ్మ పేరు భ్రమరాంబ.