తొట్టి దగ్గర ఆగిపోయిన దుప్పులు

కిందటి ఎండాకాలం నీళ్లు వెతుక్కుంటూ ఊళ్లోకి వచ్చిన ఒక దుప్పిని కుక్కలు చంపాయని విని, గూడూరులోని మా చర్చి స్త్రీల సమాజం వాళ్లం చిట్టమూరు అవతల, సముద్రం వైపు సరుగుడు తోటల అంచున ఒక సిమెంటు తొట్టి కట్టించాం. ఈ ఏడు ఇంకో రెండు కట్టిద్దామన్న మాట వచ్చింది. మొదటిది ఎలా ఉందో చూసి ఆదివారం చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. కళ్లతో చూడనిదే ఏదీ బాగుందని చెప్పే అలవాటు నాకు లేదు. మే నెలలో ఒక గురువారం బయలుదేరాను.

ఉదయం ఆరుంబావుకు గూడూరు బస్టాండులో పల్లెవెలుగు ఎక్కి ఏడున్నరకు చిట్టమూరులో దిగాను. ఇడ్లీ, టీ అక్కడే కానిచ్చాను, ముప్పై అయిదు రూపాయలు. తోటల దాకా బస్సు లేదు. మస్తానయ్య అనే ఆటో అతను సాయంత్రం దాకా ఆగి వెనక్కి తీసుకురావడానికి ఏడు వందలకు ఒప్పుకున్నాడు. పని ఏమిటో చెబితే అద్దంలో నా వైపు చూసి నవ్వాడు. "మా ఊళ్లో మనుషులకే బిందె నీళ్లు దొరకడం ల్యా. దుప్పులకు మాత్రం బాగా జరగతా ఉందక్కా." దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలే. వాటి నీళ్లు కలిసి వాగు ఉప్పెక్కిందనీ, ఇప్పుడు మంచినీళ్లంటే ట్యాంకరేననీ చెప్పాడు.

తోటకు కాపలా ఉండే పెంచలయ్యే మా తొట్టినీ చూసుకుంటాడు. అరవై దాటిన మనిషి. తొట్టి నిండా నీళ్లున్నాయి, నాచు లేదు, పక్కన రాయించిన మా సమాజం పేరు చెరగలేదు. నేను తృప్తిగా ఫొటో తీసుకుంటుంటే ఆయన పక్కనున్న ఈతపొద దగ్గరికి తీసుకెళ్లి మట్టలు తొలగించాడు. మోకాలెత్తుకు కాస్త పైన, క్లచ్ వైరుతో కట్టిన ఉచ్చు. దానికి ఎర్రటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. అలాంటివి విప్పి దాచిన గోనెసంచి ఒకటి ఆయన గుడిసె వెనక ఉంది. ఎండలు ముదిరినప్పటి నుంచీ ఆయన విప్పడం, ఎవరో మళ్లీ కట్టడం, ఇదే వరస అట.

"మరి నాతో ఒక్కమాట చెప్పలేదే?"

"మంచి మనసుతో కట్టినారు. ఎట్ట చెప్పేదమ్మా?"

వయసులో తానూ వేటాడినవాణ్ణేనని ఆయన దాచలేదు. వానాకాలంలో ఎవరూ వేటకు పోయేవారు కాదట. ఎక్కడ చూసినా నీళ్లే కాబట్టి దుప్పి ఎక్కడైనా ఉండొచ్చు. ఎండాకాలం దిబ్బల మధ్య ఇసుక తవ్వితే ఊరే చెలమలు నాలుగైదు మిగిలేవి. ఒకటి వదిలి మిగతావాటి మీద ముళ్లకంప పరిచేవాళ్లు. మొదటి రోజు ఆ దరిదాపులకు పోకూడదు. దప్పిక భయాన్ని గెలిచేదాకా ఆగాలి. మూడో పొద్దున చెలమ వైపు నుంచి తమ మీదికి గాలి వచ్చేచోట కూర్చోవాలి. ముందు వచ్చే పెద్ద ఆడదుప్పిని వదిలేయాలి. అది తల దించి తాగిందంటే మందంతా తల దించుతుంది.

"మాకు కంప నరికి మొయ్యను రెండు దినాలు పట్టేది," అన్నాడు. "ఇప్పుడోళ్లకు ఆ పని కూడా ల్యా. పైన కనపడే మిగతా నీళ్లన్నీ ఉప్పయిపోయినాయి. మిగిలింది మీ తొట్టి ఒక్కటే."

మధ్యాహ్నం ఆయన భార్య అన్నం, చేపల పులుసు పెట్టింది.

ఐదింటికి గాలి చూసుకుని ఒక ఇసుకదిబ్బ వెనక కూర్చున్నాం. ఆరుకు కొంచెం ముందు సరుగుడు నీడలోంచి ఐదు దుప్పులు వచ్చాయి. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. పెద్దది తొట్టికి ముప్పై అడుగుల దూరంలో ఆగి, ముందుకాలితో నేలను తన్నింది. పిల్ల ఒకటి దాటి పోబోతే అడ్డంగా నిలబడింది. ఎదురుగా నీళ్లు మెరుస్తుంటే పావుగంట అలాగే ఉండి, అన్నీ వెనక్కి తిరిగిపోయాయి.

"దాని కళ్ల ముందరే ఇంకోటి పడింది గదా," అన్నాడు పెంచలయ్య. "రేపో ఎల్లుండో దప్పికకు ఆగలేక దిగతాయి. ఉచ్చు పెట్టేవాడికి అది తెలుసు."

ఏం చెయ్యాలని అడిగాను. దిబ్బల మధ్య మూరెడు లోతున ఇంకా తియ్యటి నీళ్లున్నాయనీ, దూరదూరంగా పది చెలమలు తవ్వి, మూడు రోజులకొకసారి పూడ్చి చోట్లు మారుస్తుంటే ఎవడూ అన్నిచోట్లా కాపు కాయలేడనీ చెప్పాడు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఇంకో మనిషి కావాలి. చీకటి పడేలోపు ఆయనా, మస్తానయ్యా కలిసి రెండు తవ్వారు. నేను ఇసుక ఎత్తిపోశాను. అప్పుడు తొట్టి దగ్గరికి వచ్చాం. అడుగున ఉన్న చెక్క బిరడా చూపించి, "నీళ్లుంటే మళ్లా ఈడికే వస్తాయి. మీరే తియ్యండమ్మా," అన్నాడు. తీశాను. మేం డబ్బిచ్చి ట్యాంకరుతో పోయించిన నీళ్లన్నీ పది నిమిషాల్లో ఇసుకలోకి ఇంకిపోయాయి.

ఆదివారం ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొత్త తొట్లు వద్దు, ఉన్నది కూడా తీసేద్దాం, ఆ ఖర్చుతో పెంచలయ్యకు తోడు ఒక మనిషిని పెడదామన్నాను. మన పేరున్న తొట్టిని మనమే పగలగొట్టించాలా అని ఒకావిడ అడిగింది. అవునన్నాను. చాలాసేపటికి ఒప్పుకున్నారు. తొట్టి కట్టించినప్పుడు, ఆకలేసినవాళ్లకు అన్నం పెట్టడం ఇన్నేళ్లుగా చేస్తున్న పనే కదా, ఇదీ అంతే అనుకున్నాను. పెట్టేచోట ఎవరు కాచుకుని ఉంటారన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. ఆ రెండు చెలమల దగ్గర దుప్పుల అడుగులు పడ్డాయని తర్వాత పెంచలయ్య ఫోన్ చేశాడు. ఎన్నింటివో పోల్చుకోలేకపోయాడు.

అటు వెళ్లేవాళ్లు సాయంత్రం నీళ్లకూ తోటకూ మధ్య కూర్చోకండి, వచ్చినవి తాగకుండా పోతాయి. మీ ఊరి దగ్గర అడవి జంతువులకు నీళ్లు పెట్టాలనుకుంటే, చోటు ఎంచుకునే ముందు అక్కడ ఒకప్పుడు వేటాడిన మనిషిని వెతికి అడగండి.