ఉప్పుమడి నీళ్లు

వేడెక్కిన నా కారు రేడియేటరు మూత తీస్తూ, “ఏ నీళ్లు పోసినారమ్మా?” అన్నాడు మెకానిక్కు. ఆ ప్రశ్నకే నా ఒళ్లు మండిపోయింది. “మంచినీళ్లే!” అని కసిరాను.

నా తొమ్మిదో ఏట నౌపడ ఉప్పు మళ్ల దగ్గర నాన్న లారీ ఇలాగే ఆగిపోయింది. నేను దాహమని ఏడుస్తుంటే, నాన్న మా తాగేనీళ్లన్నీ అప్పుడే కొత్తగా బిగించిన రేడియేటర్లో పోసేశాడు.

“నాకన్నా లారీ ఎక్కువేటి?” అని అరిచాను.

“నోరుముయ్యి! ఆ పాకకాడ మంచినీళ్లున్నాయి. తాగి, డబ్బా నింపి తే!” అన్నాడు.

కడుపునిండా తాగాను. డబ్బాని మాత్రం కసికొద్దీ ఉప్పుమడిలో ముంచి తెచ్చాను. నాన్న చూసుకోకుండా పోసేశాడు.

కొన్నాళ్లకే ఆ కొత్త రేడియేటరు తుప్పుపట్టి కారింది. “దొంగెదవా, పాత సరుకు బిగించేసినావు!” అంటూ నాన్న దాన్ని బిగించినవాణ్ణి బజార్లో కొట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

ఏ నీళ్లు పోశారని ఆనాడు ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పడానికి నాకు నోరుంది.