ఒక బిల్లుకు రెండు దోశలు

2022లో నేను ఎల్బీ నగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. కింద టైర్ల షాపు, పై అంతస్తులో మేము. లిఫ్టు లేదు. క్లయింట్లు మెట్లెక్కి వచ్చేసరికి సగం కోపం ఆయాసంగా మారిపోయేది కాబట్టి, లిఫ్టు లేకపోవడాన్ని మేము సౌకర్యాల కిందే లెక్కేసేవాళ్లం. షాపులకూ హోటళ్లకూ బిల్లింగ్ ప్రోగ్రాములు రాసివ్వడం మా పని.

దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ నడిపే ప్రసాదరావు గారు మాత్రం మెట్లెక్కాక కూడా కోపంగానే ఉన్నారు. ఆయనది గుడివాడ వైపు. కోపం మా ప్రోగ్రాం మీద కాదు, దోశ మాస్టర్ శంకరయ్య మీద.

"బిల్లు కట్టినవాడు ప్లేటు కోసం నిలబడే ఉంటాడండీ. మా మాస్టర్ని అడిగితే, వంటగది స్క్రీన్ మీదకి ఆర్డరే రాలేదంటాడు. పెనం మీద ఒక కన్ను, ఫోను మీద రెండు కళ్లు! ఆర్డర్ వచ్చిందని మీరు రుజువు తీసివ్వండి, ఆదివారం నుంచి రావద్దని చెప్పేస్తాను."

ఈ ఉద్యోగంలో రకరకాల కోరికలు విన్నాను. ఒక మనిషిని పనిలోంచి తీసేయడానికి రుజువు కావాలని అడగడం మాత్రం అదే మొదటిసారి.

అంతకుముందు మా ఆఫీసు నుంచి వెళ్లినవాళ్లు పదకొండు గంటలకు, జనం లేనప్పుడు వెళ్లి, అంతా బాగుందని రాసి, ఒక ఇడ్లీ తిని వచ్చారు. నేను ఉదయం ఎనిమిదికి వెళ్లాను. చైతన్యపురి హాస్టళ్ల పిల్లలు కోచింగ్ క్లాసులకు ముందు అక్కడికి ఎగబడేది ఆ సమయంలోనే. ఒక కౌంటర్లో క్యాషియర్ మేరీ, ఇంకో కౌంటర్లో ప్రసాదరావు గారు బిల్లులు కొడుతున్నారు. నేను వంటగదిలోకి వెళ్లి స్క్రీన్ పక్కన నిలబడ్డాను.

"ఒచ్చిండ్రా సార్? నా మీద కేసు రాయనీకేనా?" అన్నాడు శంకరయ్య, పెనం మీద నీళ్లు చల్లుతూ.

"చూడ్డానికే వచ్చాను."

"జర మంచిగ చూడుండ్రి. స్క్రీన్ల రాని దోశ నేనెట్ల ఏస్త? పోరగాండ్ల మొఖాలు చూసి ఏయాల్నా? నా బిడ్డ ఇంటర్ సదువుతున్నది సార్. నడుమల పని పోతే మస్తు పరేషాన్ అయితది."

కాసేపు స్క్రీనూ, ఆ తర్వాత ప్రోగ్రామూ చూస్తే విషయం అర్థమైంది. ఒక ప్రోగ్రాం లోపల ఒకేసారి నడిచే పనులను థ్రెడ్లు అంటారు. ఇక్కడ కౌంటర్ల థ్రెడ్లు ఆర్డర్ తీసుకుంటాయి, వంటగది థ్రెడ్ దాన్ని స్క్రీన్ మీద చూపించి, గొంతుతో కూడా చదువుతుంది. ఆ గొంతు పెట్టించడం ప్రసాదరావు గారి సరదా. ఈ థ్రెడ్ల మధ్య ఉన్నది ఒకే ఒక్క షేర్డ్ వేరియబుల్, అంటే ఒక్క ఆర్డర్ మాత్రమే పట్టే పలక. వంటగది థ్రెడ్ "ఒక మసాలా దోశ" అని తీరిగ్గా చదివే లోపల రెండు కౌంటర్ల నుంచీ ఆర్డర్లు వస్తే, రెండోది మొదటిదాన్ని చెరిపేసి కూర్చుంటుంది. చెరిగిపోయినవాడు బిల్లు పట్టుకుని నిలబడతాడు. పదకొండు గంటలకు ఇలా ఎందుకు జరగదో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పలకను కనిపెట్టిన ఇంజినీరు అప్పటికే ఇంకా పెద్ద కంపెనీకి వెళ్లిపోయాడు.

నేను పలక తీసేసి మెసేజ్ క్యూ పెట్టాను. పేరుకు తగ్గట్టే అదొక వరస. ప్రతి ఆర్డరూ ఒక చీటీలా వరస చివర చేరుతుంది, వంటగది థ్రెడ్ ముందు నుంచి ఒక్కొక్కటే తీసుకుంటుంది. గొంతు ఎంతసేపు చదివినా ఏదీ చెరిగిపోదు. పాత ప్రోగ్రాంలో, పలక మీద ఉన్నది ఇందాకటి బిల్లు నంబరేనా అని చూసి, అదే అయితే వదిలేసే ఒక లైను ఉండేది. క్యూలో చేరిందంటే కొత్తదే కదా అని దాన్నీ తీసేశాను. పని శుభ్రంగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు ఉదయం ఒక్క ఆర్డరూ పోలేదు. పోకపోగా, వంటగదిలోంచి ప్లేట్లు అందించే కిటికీ దగ్గర దోశల గుట్ట తయారైంది. ఒకదానికి డబ్బు కట్టినవాడికి రెండొస్తున్నాయి. పిల్లలు ఎంతో క్రమశిక్షణతో ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

"ఇప్పుడేమంటారండీ?" అన్నారు ప్రసాదరావు గారు. "మీరు కంప్యూటర్ మార్చారు. ఈయన తీరు మాత్రం మారలేదు. నిన్నటిదాకా వెయ్యనన్నాడు, ఇవాళ రెండేసి వేస్తున్నాడు. ఇది కక్ష కాకపోతే ఏమిటి?"

"స్క్రీన్ల రెండు వడ్డయ్, రెండు ఏసిన," అన్నాడు శంకరయ్య. అట్లకాడ పక్కన పెట్టేశాడు.

నేను మేరీ వెనకాల నిలబడ్డాను. బిల్లు కొట్టింది, వంటగదికి పంపే బటన్ నొక్కింది. వెంటనే మళ్లీ నొక్కింది.

"రెండోది దేనికమ్మా?"

"ఒక్కసారి నొక్కితే ఒక్కోసారి లోపలికి పోదు సార్. రెండుసార్లు నొక్కితే జర ధైర్యం. ఎప్పటిసంది గిట్లనే నొక్కుతున్న."

పాత లైను ఆ రెండో నొక్కుడును మింగేసేది. నా క్యూ దాన్ని కూడా గౌరవంగా వరసలో నిలబెట్టింది. ఇదంతా వివరిస్తుంటే పక్క కౌంటర్ నుంచి ప్రసాదరావు గారి గొంతు, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా వినిపించింది. "నేనూ రెండుసార్లే నొక్కుతున్నానండీ."

శంకరయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అంటే ఆర్డర్లు పోతున్నయని మీకు ఎర్కే," అన్నాడు శంకరయ్య. "మరి నన్నెందుకు తిట్టిండ్రు సార్?"

ప్రసాదరావు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "మాస్టారూ, రద్దీ ఎక్కువైంది. ఇంకో పెనం పెట్టిస్తున్నా. రెండూ మీరే చూసుకోవాలి." ఆయనకు చేతనైన క్షమాపణ అదే.

"ఒక్కన్ని రెండు పెనాలు ఎట్ల జూస్త? నాకింకో మనిషిని పెట్టుండ్రి," అని శంకరయ్య అట్లకాడ చేతిలోకి తీసుకున్నాడు.

అక్కడే కూర్చుని, వంటగది థ్రెడ్ ప్రతి చీటీ బిల్లు నంబరూ చూసి, అది ఆ రోజు ఇదివరకే వచ్చినదైతే పక్కన పడేసేలా రాశాను. ఆ తర్వాత చాలా చోట్ల క్యూలు పెట్టాను. క్యూ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే చేరవేస్తుంది, మనుషుల అనుమానాలతో సహా. అందుకే పాత ప్రోగ్రాంను ముట్టుకునే ముందు, దానితో వేగలేక జనం ఏ అలవాటు చేసుకున్నారో ఒక రోజు కూర్చుని చూస్తాను.

మేరీ ఆ తర్వాత కూడా రెండుసార్లే నొక్కేది. "మానేయమని చెప్పమంటారా?" అని ప్రసాదరావు గారు అడిగారు. వద్దన్నాను. మార్చాల్సింది ప్రోగ్రాంను, మేరీ వేలిని కాదు.