త్వాంటే కుండలకు నేను పెట్టిన నీళ్ళ పరీక్ష

ఒక కుటుంబం వారమంతా పడ్డ కష్టాన్ని ఒక్క మనిషి చెంబెడు చెంబెడు నీళ్ళతో బురద చెయ్యగలడా? చెయ్యగలడు. ఆ మనిషిని నేనే. నవ్వదలుచుకున్నవారు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, నేను అడ్డుపడను.

రంగూన్ వీధుల్లో సైనిక పాలన మీద తిరుగుబాటు రగిలి, తర్వాత భయం కమ్ముకున్న రోజులవి. నేను పనిచేసే ఇంజనీరింగ్ ఆఫీసు మూతపడింది. ఫోన్లో ఇంటర్నెట్ పోయింది. పబేడాన్‌ పేటలో నాతో గది పంచుకునే ఇద్దరిలో ఒకడు మాండలే వెళ్ళిపోయాడు. రెండోవాడు ఎక్కడికి వెళ్ళాడో అడగకూడదు, అడగలేదు. సాయంత్రాలు వీధంతా బాల్కనీల్లో నిలబడి నిరసనగా గిన్నెలు మోగించినంత కాలం నయం, నేనూ మోగించేవాణ్ణి. అదీ ఆగిపోయాక నాకు మిగిలిన తోడు గోడ మీది బల్లి. దానికీ నా కబుర్లు విసుగు పుట్టి కిటికీ దాటి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అప్పలనరసమ్మ అత్త. నాన్న వైపు మిగిలిన ఒకే చుట్టం. నది అవతల, కుండలకు పేరుపడ్డ త్వాంటేలో ఊ టిన్ అనే బర్మా కుమ్మరిని పెళ్ళాడి అక్కడే ఉండిపోయింది. కుండ కొనే వంకతో పడవెక్కాను. నిజానికి నాకు కావలసింది కుండ కాదు, ‘మళ్ళీ రా’ అని ఎవరైనా అనడం.

అందుకు తగ్గ నియమాలూ రాసుకున్నాను: మర్యాదగా ఉండాలి, ఎక్కువ తినకూడదు, ఏదో ఒక పనికి ఉపయోగపడాలి. మూడోదే కొంప ముంచింది.

“ఏట్రా, ఇలా సిక్కిపోనావు! తిండి తినడం లేదేటి?” అంది అత్త గడపలోనే.

“తింటున్నానత్తా.”

“ఏటి తింటన్నావు, గాలా? సేపలు ఒండుతాను. ఈలోగా నచ్చిన కుండ ఏరుకో.”

గేటు దగ్గర అమ్మకానికి పేర్చినవి చూశాను. ఒకదానికి మసి, ఒకదానికి మచ్చ. నా కంటికి అన్నీ తయారీ లోపాలే. వెనక పాకలో మాత్రం బూడిదరంగు కుండలు, ఒక్క మచ్చ లేకుండా, పరేడ్‌లో పిల్లల్లా నిలబడి ఉన్నాయి. మంచి సరుకు లోపల దాచారన్నమాట!

కొత్త కుండను నీళ్ళు పోసి నానబెట్టాకే వాడాలని మా అమ్మ బతికున్నప్పుడు పట్టింపు. అత్తకు ఆ శ్రమ ఎందుకు? ఏది కారుతుందో కూడా తేలిపోతుంది. తొట్టిలోంచి తోడి వరసంతా నింపేశాను.

మీరు కనిపెట్టేసి ఉంటారు. నేను కనిపెట్టలేదు. అవి ఇంకా కాల్చని పచ్చి కుండలు.

మొదటిది పెళ్ళి భోజనం చేసిన పెద్దమనిషిలా మెల్లగా నడుం వాల్చింది. రెండోది దాని భుజమ్మీద తల పెట్టుకుంది. పట్టుకుందామని చేతులు చాచాను. మూడోది చేతుల్లోకే జారింది.

ఊ టిన్ వచ్చాడు. చూశాడు. “వాన పడిందా?” అన్నాడు బర్మా భాషలో.

“లేదు, ఊలే,” అన్నాను. మామయ్యని వాళ్ళు అలాగే పిలుస్తారు. “నేనే... పరీక్షించాను.”

“పాసయ్యాయా?”

అత్త గరిటెతో పరుగెత్తుకొచ్చింది. “ఓరి నీ ఇంజినీరింగు మండ! ఏటి సేసినావురా?”

“కారతాయో లేదో చూద్దామని...”

“కారినాయి కదా! ఇప్పుడు సుకంగా ఉందా?”

నాకు ఏడుపొచ్చింది. ఆ ‘మళ్ళీ రా’ కూడా బురదలో కలిసిపోయిందని. “వెళ్ళొస్తానత్తా,” అన్నాను.

“ఎక్కడికెల్తావు? ఈ మట్టి ఎవుడు తొక్కుతాడు, మీ తాతా?”

ప్యాంటు మడిచి సాయంత్రం దాకా తొక్కాను. నా చిన్నప్పటి వెధవ పనులన్నీ అత్త ఏకరువు పెడుతుంటే ఊ టిన్ సారె ఆపి మరీ నవ్వాడు. ఎన్నాళ్ళకో నన్ను చూసి మనుషులు నవ్వారు! చేపల పులుసు దగ్గర రెండో నియమమూ గంగలో కలిసింది.

ఆఖరి పడవ వేళకు అత్త గుమ్మం దాకా వచ్చి, బాగా కాలిన కుండొకటి చేతిలో పెట్టింది. “ఆయితారం మల్లీ రా.”

“నిజంగానా అత్తా?”

“నిజంగానేరా. మీ ఊలేకి కాల్లు నొప్పులు. నీ అంత బాగా తొక్కినోడు ఈ ఊల్లోనే లేడంటన్నాడు. నీల్లు మాత్రం ముట్టుకోకు.”

కనుక నా డిగ్రీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పచ్చి కుండలో ఈ జన్మలో నీళ్ళు పొయ్యను. అత్త పిలవడం మానేసిన రోజున మాత్రం ఈ విషయం మళ్ళీ ఆలోచిస్తాను.